పేరు పిలిచి పెట్టిన ముక్క

తారుతుంగ్,
జూలై 11, 1993

హోరాస్ తులాంగ్,

అమ్మ ఈపాటికి మీకు అంతా చెప్పే ఉంటుంది, ఏడుపుతో సహా. కాబట్టి నా వైపు నుంచి కూడా కాస్త వినండి. అవును, మెదాన్‌లో నాలుగేళ్లు వ్యవసాయం చదివాను. అవును, డిగ్రీ చేతికొచ్చిన మూడో వారానికే ఇక్కడికొచ్చి సంఘ నాయకత్వ శిక్షణలో చేరిపోయాను. దైవశాస్త్రంలో పది నెలల సర్టిఫికెట్టు. "నాలుగేళ్లు మట్టిని చదివింది, ఇప్పుడు దేవుణ్ణి చదువుతుందట" అని అమ్మ సంతలో కనబడ్డవాళ్లందరికీ చెప్తోందట. మాట బాగుంది, నా మొదటి ప్రసంగంలో వాడుకుంటాను.

ఎందుకు చేరావని మీరూ అడుగుతారు. కాలేజీలో ఉండగా పంటలు చూడ్డానికి ఒక కొండ ఊరికి వెళ్లాం. ఆదివారం పాస్టరు రాలేదు. జనం బెంచీల మీద కూర్చుని తలుపు వైపు చూస్తున్నారు. ఎవరూ లేవకపోతే నేనే లేచి వాక్యం చదివాను. అయ్యాక ముసలమ్మలు చుట్టుముట్టి మా పందులు మేత ముట్టడం లేదు, ఏం చెయ్యాలని అడిగారు. దానికీ జవాబు చెప్పాను. ఆ రోజంతా నేను ఎందుకు పుట్టానో నాకు తెలిసినట్టే ఉంది. తర్వాత మళ్లీ అలా అనిపించలేదు. అందుకు వచ్చాను.

ఇక్కడ పంతొమ్మిది మందిమి, అందులో ఆడపిల్లలం ఆరుగురం. నా డిగ్రీ చూసి పందుల దొడ్డీ కూరమడీ నాకే అప్పజెప్పారు. ప్రసంగం నేర్పే రొమైదా పాస్టరమ్మ మేం మాట్లాడుతుంటే వెనక బెంచీలో కూర్చుని నిద్ర నటిస్తారు. ఆవిణ్ణి లేపగలిగితే పాసు. నేను చెప్పినప్పుడు నటించలేదని, నిజంగానే పడుకున్నారని మావాళ్ల అభిప్రాయం.

ఇక అసలు సంగతి. ఏప్రిల్ చివరి ఆదివారం చర్చిలో సర్టిఫికెట్లు ఇస్తారు. ఇచ్చేముందు ఒక్కొక్కరి మేనమామ వచ్చి భుజాల మీద ఉలోస్ శాలువా కప్పి దీవించాలి. అమ్మకి మీరు ఒక్కరే తమ్ముడు, నాకు మీరు ఒక్కరే తులాంగ్, ఒక్కరే మేనమామ. మీరు రాకపోతే పంతొమ్మిది మందిలో నేనొక్కదాన్నే వట్టి భుజాలతో నిలబడాలి. మీరు చర్చి గడప తొక్కి పదకొండేళ్లయిందని తెలుసు. ఎందుకో మాత్రం మా ఇంట్లో ఎవరూ చెప్పరు. ఏదైనా కానీండి, రావాలి.

ఈ ఉత్తరం బస్సు డ్రైవరు మంగాసికి ఇస్తున్నాను. ఎలాగూ మీ టైర్ల షాపు ముందే ఆపుతాడుగా.

మీ బెరే,
రుగున్


మెదాన్,
జూలై 15

బెరే రుగున్,

మేనకోడలు దేవుడి పనికి పోయిందని మీ నాన్తులాంగ్ అత్త వీధంతా చాటేసింది. ఇప్పుడు టైరు పంక్చరు వేయించుకోడానికి వచ్చినవాడు కూడా నన్ను కాస్త భక్తిగా చూస్తున్నాడు. బేరం మాత్రం మానలేదు.

నాయకత్వానికి సర్టిఫికెట్టు ఏమిటే? మా షాపులో జాకీ ఎవడి చేతిలో ఉంటే వాడే నాయకుడు. లారీ కింద పడుకున్నవాడు వాడి మాట వినక చస్తాడా. ఈ ముక్క రాసివ్వు, మీ పాస్టరమ్మ నీకు మార్కులు వేస్తుంది.

మీ అమ్మ ఏడుపు సంగతి పట్టించుకోకు. నేను టైర్ల పని మొదలెట్టినప్పుడూ ఇలాగే ఏడ్చింది. ఇప్పుడు ఊరికెళ్లేటప్పుడు వాళ్ల బస్సుకి గాలి తన తమ్ముడే పట్టాడని అందరికీ చెప్పుకుంటుంది. ఇంకో మాట. మాకు ముగ్గురూ ఆడపిల్లలే, నువ్వూ ఆడపిల్లవే కాబట్టి బతికిపోయావు. మగపిల్లాడివైతే మీ నాన్తులాంగ్ నిన్ను ఈపాటికి అల్లుడిగా తెచ్చుకుని టైర్ల ముందు కూర్చోబెట్టేది. అప్పుడు చేసుకునేవాడివి ప్రసంగాలు.

చర్చి గురించి అడగకు. ప్రతి ఆదివారం ఆడవాళ్లు నలుగురినీ గేటు దగ్గర దింపి ఎదురు కాఫీ కొట్టులో కూర్చుంటాను. మైకు ఉంది కాబట్టి ప్రసంగం అక్కడికీ వినబడుతుంది. కాఫీ కూడా ఉంటుంది. లోపల ఉన్నవాళ్లకి అది లేదు.

ఉలోస్ గేటు బయట కప్పుతాను. గేటు కూడా దేవుడిదేగా. అంతకంటే నన్ను లాగకు.

పందులకి ఉడకబెట్టిన చిలగడదుంప తీగ పెట్టు. కాలేజీలో ఇది చెప్పి ఉండరు.

నీ తులాంగ్,
జొంగ్గి


సరస్సు ఒడ్డు నుంచి,
జనవరి 16, 1994

హోరాస్ తులాంగ్,

తీగ పని చేసింది. పందులు బలిశాయి. పాస్టరమ్మ కూడా నా మూడో ప్రసంగానికి కళ్లు తెరిచారు. జాకీ మాట చెప్పినప్పుడే తెరిచారు, కాబట్టి సగం మార్కులు మీవి.

పరీక్షల్లో ఒక్కటి మాత్రం దెబ్బేసింది. క్షమాపణ మీద పదిహేను మార్కుల ప్రశ్న. ఆరు పేజీలు రాశాను, వాక్యాలన్నీ వరసగా దించాను. పాస్టరమ్మ తొమ్మిది వేశారు. పక్కన ఎర్ర సిరాతో "ఇందులో మనుషులెవరూ లేరు" అని రాశారు. అడిగితే, "ఊళ్లోకి పంపుతున్నాంగా, అక్కడ దొరుకుతారు" అన్నారు.

ఇప్పుడు ఆ ఊళ్లోనే ఉన్నాను. మూడు నెలలు ఒక్కొక్కరం ఒక్కో సంఘంలో పనిచెయ్యాలి. చీటీలు తీస్తే నాకు సరస్సు పక్క ఊరు వచ్చింది. ముప్పై రెండు గడపలు. పాస్టరు నెలకోసారి మోటారు సైకిల్ మీద వస్తాడు, మిగతా ఆదివారాలు నావి. వచ్చిన రోజే కాఫీ తాగే లోపల నా ఏడు తరాలూ బయటికి లాగారు. మన జనం సంగతి మీకు తెలిసిందే కదా, నీ పేరేమిటనే ముందు నీ మేనమామ ఎవరంటారు.

ఒక సంఘ పెద్ద ఇంట్లో ఉంటున్నాను. ఎనభై దాటాయి. చెవి సగం పోయింది. ఆయన భార్య చేప పులుసులో అందలిమాన్ మిరియాలు వేస్తే గంటసేపు నాలుక తిమ్మిరెక్కి ఉంటుంది. ప్రార్థన చెయ్యమంటే "పె పె" అన్నాను నిన్న.

ఉలోస్‌కి గేటు చాలదు తులాంగ్. లోపలే కప్పాలి. ఆలోచించండి.

రుగున్


మెదాన్,
జనవరి 21

రుగున్,

సరస్సు చుట్టూ ఊళ్లు వంద ఉండొచ్చు. మంగాసికి నోరు ఒకటే, అది ఎప్పుడూ తెరిచే ఉంటుంది. నువ్వున్నది లుంబన్ నబోలోన్‌లో. మీ అమ్మా నేనూ పుట్టిన ఊళ్లో. నువ్వు తింటున్నది ఆ సంఘ పెద్ద బిన్సార్ ఇంటి కూడు. ఊరి పేరు ఉత్తరం మీద రాయడానికి నీకు చెయ్యి రాలేదంటే నాకు కోపమొస్తుందని నీకు తెలుసన్నమాట. తెలిసే దాచావు. ఇదేనా అక్కడ నేర్పేది?

ఎందుకు రానో మీ ఇంట్లో చెప్పలేదన్నావు. నేను చెప్తాను విను. నువ్వు పదేళ్ల పిల్లవి అప్పుడు. ఆ ఊరి చర్చి కప్పు నేను వేశాను. మూడు వారాలు పైనే ఉన్నాను. గంటని తాళ్లు కట్టి పైకి లాగింది నేను, ఈ భుజం మీద ఇప్పటికీ మచ్చ ఉంది. కప్పు పూర్తయ్యాక విందు చేశారు. పందుల్ని కోసి, పేరు పేరునా పిలిచి ఎవరి ముక్క వాళ్లకి ఇచ్చారు. పిలిచింది బిన్సార్. పిల్లనిచ్చినవాళ్లని పిలిచాడు, అల్లుళ్లని పిలిచాడు, పాటలు పాడినవాళ్లని పిలిచాడు, నీళ్లు మోసినవాళ్లని పిలిచాడు. నా పేరు పిలవలేదు. నాలుగొందల మంది ముందు నా ఆకు ఖాళీగా ఉంది.

మాంసం కోసం కాదు. మాంసం నేను కొనుక్కోగలను. పేరు పిలవకపోతే ఆ ఊళ్లో నేను లేనట్టే. సరే, లేను. ఆ నెలలోనే మెదాన్ వచ్చేశాను.

ఆ ఇంట్లో చేప బాగుంటుంది, తిను. నా పేరు మాత్రం ఎత్తకు. ఏప్రిల్ సంగతి ఇక అడగకు. గేటు దాకా కూడా రాను.

జొంగ్గి


లుంబన్ నబోలోన్,
ఫిబ్రవరి 13

తులాంగ్,

ఈసారి ఊరి పేరు రాశాను, చూడండి. దాచినందుకు తప్పు నాదే. చీటీలో ఈ పేరు వచ్చినప్పుడు మార్చుకోవచ్చన్నారు. మార్చుకోలేదు. అదీ చెప్పేస్తున్నాను.

మీ పేరు నేను ఎత్తలేదు. ఎత్తే అవసరం రాలేదు. మొదటి రోజే ఒకావిడ "అయితే నీ మేనమామ జొంగ్గీనా" అంది. అందరూ కాఫీ గ్లాసుల్లోకి చూసుకున్నారు. బిన్సార్ తాత లేచి బయటికి వెళ్లిపోయారు.

కోప్పడుతూనే ఇది చదవండి, నవ్వొస్తే నవ్వండి. పోయిన ఆదివారం కొత్త సంఘ పెద్దకి చిన్న విందు. పేర్లు పిలిచే పని నాకు ఇచ్చారు, శిక్షణలో భాగమట. ఆడపిల్ల పిలవడం ఇక్కడ మొదటిసారి, అందుకని పక్క ఊళ్ల నుంచి కూడా చూడ్డానికి వచ్చారు. నేను జాబితా గట్టిగా పట్టుకుని, మా నాన్న ఊళ్లో పద్ధతి గుర్తు చేసుకుని, "దవడ ముక్క అల్లుళ్లది" అని ఖంగుమని పిలిచాను. తెల్లవారుజాము నుంచి వంట చేస్తున్న అల్లుళ్లు ఆనందంగా వచ్చి పళ్లెం ఎత్తుకెళ్లారు. వెంటనే పిల్లనిచ్చినవాళ్లు, ఆ వరుస మొత్తం, లేచి చెప్పులు వేసుకోవడం మొదలెట్టారు. ఇక్కడ దవడ వాళ్లదట. ఒక కొండ దాటితే దవడ చేతులు మారుతుందని పది నెలల చదువులో ఎక్కడా రాసిలేదు.

నేను జాబితా తిరగేశాను. అప్పుడు బిన్సార్ తాత కర్ర పట్టుకుని లేచారు. "పిల్లకి తప్పు చెప్పింది నేను. చెవితోపాటు మతి కూడా పోతోంది. కూర్చోండి" అన్నారు. ఆయన నాకేమీ చెప్పలేదు తులాంగ్. ఆ మాట అబద్ధం. చర్చి ఆవరణలో, నా కోసం. నేను అందరి ముందూ క్షమించమని అడిగి మొదటి నుంచి మళ్లీ పిలిచాను. అల్లుళ్లు దవడ తిరిగిచ్చారు. అప్పటికే ఒక మూల కొరికి ఉంది.

ఇంటికొచ్చాక అడిగాను, ఎందుకలా చెప్పారని. కర్ర గోడకి ఆనించారు. తర్వాత అన్నారు, "ఒకసారి నేనూ పిలిచేటప్పుడు తప్పాను. అప్పుడు నా కోసం ఎవరూ లేవలేదు. నేనూ లేవలేదు." కప్పు విందు రోజున జాబితాలో మీ పేరు ఉందట. వేలు ఒక వరుస కిందికి జారిందట. చివరికి ఒక్క ముక్క మిగిలితే అప్పుడు తెలిసింది. గంట ఎత్తిన మనిషిని నీళ్లు మోసిన పిల్లల తర్వాత, అందరికంటే ఆఖర్న పిలిస్తే అది ఇంకా పెద్ద అవమానమని నోరు మూసుకున్నారట. "మర్నాడు పొద్దున ఆ ముక్క నేనే వాడి ఇంటికి పట్టుకెళ్లాను" అన్నారు.

"తీసుకున్నారా?" అని అడిగాను. ఆయన వినబడనట్టు కూర్చున్నారు. నాకైతే ఆయనకి బాగానే వినబడిందనిపించింది.

మీ ఉత్తరంలో విందు రోజు వరకే ఉంది. మర్నాటి పొద్దున లేదు.

రుగున్


మెదాన్,
ఫిబ్రవరి 22

బెరే,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. మూడుసార్లు రాయడానికి కూర్చుని మూడుసార్లూ టైరు దగ్గరికి పోయాను. ఈ వారం మా షాపులో పని చాలా బాగా జరిగింది.

మర్నాడు పొద్దున వచ్చాడు. అరిటాకులో చుట్టి, రెండు చేతులతో పట్టుకుని, నా ఇంటి ముందు నిలబడ్డాడు. నాకు తండ్రి వయసు. "జొంగ్గీ, ఇది నీది" అన్నాడు. పేరు పిలవకుండా ఇచ్చింది ఉత్త మాంసమే కదా, నా వాటా ఎలా అవుతుంది? నేను ఆ మాట అని ఊరుకుంటే బాగుండేది. తీసుకున్నాను. తీసుకుని మా కుక్కని పేరు పెట్టి పిలిచాను. ముందురోజు ఆయన అందరినీ ఎలా పిలిచాడో అచ్చం అలాగే, రాగం తీసి, వీధంతా వినబడేట్టు. పిలిచి దానికి వేశాను.

ఆయన కుక్క తినేదాకా నిలబడ్డాడు. తర్వాత వెళ్లిపోయాడు.

విన్నవాళ్లు కుక్కని పిలుస్తున్నానంతే అనుకున్నారు. మీ నాన్తులాంగ్ అప్పుడు సరస్సుకి వెళ్లింది, తనకి తెలియదు. మీ అమ్మకి తెలియదు. కోపం వల్ల చర్చికి రానని అందరూ అనుకుంటారు. కోపం రెండేళ్లలోనే అయిపోయింది. సిగ్గు వల్ల రాలేదు. ఆ బెంచీల్లో ఆయన పక్కన ఎలా కూర్చోను? మెదాన్ చర్చిలో అయినా, లోపలికి వెళ్తే ఆ కుక్క పేరే వినబడుతుంది నాకు.

నీ పరీక్షలో ఆరు మార్కులు తగ్గాయన్నావుగా. ఈ మనిషిని పట్టుకెళ్లి రాసుకో.

ఆయనకి చెప్పకు.

జొంగ్గి


లుంబన్ నబోలోన్,
మార్చి 20

హోరాస్ తులాంగ్,

ఉత్తరంతోపాటు మంగాసి మీకు ఒక బకెట్టు ఇస్తాడు. మూత తాడుతో కట్టి ఉంటుంది. దారిలో తెరవొద్దని ప్రమాణం చేయించాను, అయినా వాసన చూసే ఉంటాడు. ఏడు గంటల ప్రయాణం కదా, నాన్తులాంగ్‌ని వెంటనే మళ్లీ వండమనండి.

ఇవాళ కోత పండుగ. వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, ఒక గేదె దూడ, అన్నీ చర్చిలోకి వచ్చాయి. దూడ ప్రసంగం మధ్యలో నాతోపాటు అరిచింది, జనానికి దాని మాటే నచ్చింది. పేర్లు పిలిచే పని మళ్లీ నాకే ఇచ్చారు. దవడ ఎవరిదో నిద్రలో లేపి అడిగినా చెప్తాను ఇప్పుడు.

నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. మీ ఉత్తరం బైబిలు అట్టలో పెట్టుకున్నాను, అంతే. జాబితా తీసుకుని మొదటి పేరుకి నోరు తెరవబోతే బిన్సార్ తాత చెయ్యి చాపారు. "మొదటిది నేను పిలుస్తాను" అన్నారు. జాబితా చూడలేదు. కర్ర పక్కన పెట్టి, రెండు చేతులతో పళ్లెం ఎత్తి, చర్చి కప్పు వైపు చూసి పిలిచారు. "ఈ కప్పు వేసినవాడు, ఆ గంట ఎత్తినవాడు, జొంగ్గి. ఇది నీ వాటా. పదకొండేళ్లు ఆలస్యమైంది. తప్పు నాది." చివరి బెంచీ దాకా వినబడింది. ఆయనకే వినబడదు కాబట్టి ఎప్పుడూ అరుస్తారనుకోండి.

ఎవరూ కదల్లేదు. లేనివాళ్ల వాటా వాళ్ల తరఫున ఎవరో ఒకరు అందుకోవాలి. మీ మేనకోడల్ని నేనే కదా, నేను వెళ్లి అందుకున్నాను. ఏడ్చాను. సంఘ నాయకురాలు ఏడవొచ్చా అన్నది మాకు ఇంకా చెప్పలేదు.

కుక్క సంగతి ఆయన నాకు చెప్పలేదు తులాంగ్. ఇక్కడ ఎవరికీ తెలియదు. పదకొండేళ్లు తనొక్కడే మోశారు. మీరూ అంతే.

ఏప్రిల్ సంగతి అడగొద్దన్నారు. అడగడం లేదు. ముక్క తినండి. అది ఇప్పుడు ఉత్త మాంసం కాదు.

రుగున్


మెదాన్,
ఏప్రిల్ 5

బెరే రుగున్,

మంగాసి బకెట్టు దించుతూ వీధంతా వినబడేట్టు అరిచాడు, "లుంబన్ నబోలోన్ నుంచి జొంగ్గి వాటా" అని. నువ్వు చెప్పమన్నావో వాడే అన్నాడో నాకు తెలియదు. అడగలేదు. చేతిలో ఉన్న టైరు వదిలేశాను, అది దొర్లుకుంటూ పోయి పక్క బట్టల షాపులో దూరింది.

మీ నాన్తులాంగ్‌కి అప్పుడు చెప్పాను మొత్తం. బకెట్టు మూత తాడు విప్పుతూ కూర్చుంది. తర్వాత లేచి వండింది. నలుగురికీ తలో కాస్త పెట్టి పెద్దది నా ఆకులో వేసింది. ఉప్పు తక్కువైంది. ఎప్పుడూ నేను చెప్పేవాణ్ణి, ఈసారి చెప్పలేదు. మా ఇంట్లో ఇప్పుడున్న కుక్క వచ్చి కాళ్ల దగ్గర కూర్చుంది. దానికి ఎముక కూడా వెయ్యలేదు. పాపం, దాని తప్పేం లేదు.

మొన్న ఆదివారం కాఫీ కొట్టువాడు నా కోసం చూసి ఉంటాడు. వెనక బెంచీలోనే కూర్చున్నాను. లోపల మైకు ఇంత గట్టిగా ఉంటుందని తెలియదు నాకు.

ఉలోస్ మీ నాన్తులాంగ్ ఎంచింది. ఎర్ర అంచుది. నీకు ఎరుపు నప్పదని నేనన్నాను, నోరు మూసుకోమంది. మంగాసి బస్సులో ఐదు సీట్లు చెప్పాను. శనివారం సాయంత్రానికి దిగుతాం. చర్చి లోపలే కప్పుతాను. నువ్వు కాస్త వంగాలి, గంట లాగిన ఆ భుజం ఇప్పుడు పైకి లేవదు.

ఒక్క పని చెయ్యి. బిన్సార్ తాతని కూడా తారుతుంగ్ రమ్మను, కాదంటే మంగాసిని పంపి ఎత్తుకు రమ్మను. ఆ రోజు విందులో పంది మా వైపుది, నేను తెస్తున్నాను. పేర్లు నువ్వే పిలుస్తావని విన్నాను. పిలువు, అందరినీ పిలువు, దవడ మాత్రం చూసుకో. కానీ ఒక్క పేరు నాకు వదిలెయ్యి. మొదటి పేరు. ఆయనది నేనే పిలవాలి.

ఇక్కడ షాపులో రోజూ సాధన చేస్తున్నాను. చెవి సగం పోయిందన్నావుగా. గట్టిగా పిలుస్తాను.

నీ తులాంగ్,
జొంగ్గి